పేడ లెక్క

కాశీనగరం సంతలో వంద పిడకలకి ఎంతొస్తుందో
నాకు నోటికొచ్చు.
పడమటి మెట్ట మీద గడ్డి ఎందుకు రావటం లేదో
నాకెవరూ చెప్పలేదు.

ఎకరం పాతిక. ఎర్ర గరప నేల.
వాన పడితే వంశధార కేసి పరిగెత్తే నేల,
ఎండ కాస్తే గేదె గిట్ట కింద పెంకులా మోగే నేల.
రెండు గేదెలు, ఒక కుంటి పెయ్య
పొద్దల్లా దానికి మూతులు రాసుకుని
సాయంత్రానికి డొక్కలు లోపలికేసుకుని వచ్చేవి.

ఆఫీసాయన సంచిలో మట్టి పట్టుకెళ్ళి
కార్డు పంపాడు, ఒడియాలో.
మా గుంట రెండో క్లాసు. కూడబలుక్కుని చదివింది:
పులుపు ఎక్కువ. అదేదో తక్కువ. ఇంకోటేదో తక్కువ.
మధ్యన మాటలు దానికి రాలేదు.
తక్కువ అన్నది మాత్రం ఏడుసార్లు వచ్చింది.
మా ఇంటి గురించి అంత నిజం
అంత చిన్న కాగితం మీద ఎవరూ రాయలేదు.

మేకలు తోలుకుపోతూ కొండమీది మంగులు గొమాంగో
నా తట్ట కేసి చూసి అన్నాడు:
"నేల తిండి నువ్వు పొయ్యికి పెడతన్నావు."
నీ కొండలో కట్టెలున్నాయి, నీకేటి, అన్నాను.
కోపం గంజి కాసేదాకా ఉంది.
పిడక మండి బూడిదయ్యాక
ఆ బూడిదలో ఒక గడ్డిపరక
గణుపులతో సహా తెల్లగా నిలబడి ఉంది.
ఊదాను. పోయింది.
పద్దెనిమిదేళ్ళ కాపరం ఎన్ని తట్టలో
లెక్కెయ్యబోయి మానేశాను.

మర్నాడు పేడ ఎత్తలేదు.
మెట్టని నాలుగు ముక్కలు చేసి రేగు కంప వేశాం,
ఒక ముక్కలో గొడ్లు, మూడింటికి సెలవు.
అత్త కంప అవతల నిలబడి
"పేడ ఒగ్గీసి పొయ్యిలో నీ చెయ్యి పెడతావేటి?" అంది.
చెయ్యి పెట్టలేదు గానీ
పాత మంచం కోడు ఒకటి పోయింది ఆ నెల.

మొదటేడు ఏమీ జరగలేదు.
చల్లిన పిల్లిపెసర ఒక్క రాత్రి వానకి గెడ్డలో పడి
దిగువోళ్ళ గట్టున మొలిచింది,
పచ్చగా, మనది కానట్టు.
పేడ పడింది పడినట్టే అప్పడంలా ఎండింది.
కాలితో తిప్పితే కింద నాలుగు చెదపురుగులు.
నా మొగుడు బైరాగి ఏమీ అనలేదు.
రాళ్ళేరి వాలుకి అడ్డంగా పేర్చాడు,
పొయ్యి బూడిద మోసుకొచ్చి పులుపున్న చోట జల్లాడు.
మాటాడని మనిషి వాదన అలాగే ఉంటుంది.

మూడు రాత్రులు గొర్రెల మంద పెట్టించాం,
రాత్రికి రెండు కుంచాల ధాన్యం.
నాలుగో రాత్రి కూడా ఉండమని అడగబోయి
గాదె కేసి చూసి ఊరుకున్నాను.

రెండో ఏడు, తొలకరి మర్నాడు,
మెట్ట మీద ఏదో చప్పుడు. చాలా చిన్న చప్పుడు.
వంగితే పేడ కదులుతోంది.
నల్లటి పురుగొకటి తలకిందులై
వెనక కాళ్ళతో ఉండ దొర్లించుకుపోతోంది.
నాకంటే బాగా చేసింది ఉండ,
గుండ్రంగా, వేలిముద్రల్లేకుండా,
పిలవకుండా వచ్చి, కూలి అడక్కుండా...
కాదు, కూలి తింటూనే.

ఇప్పుడు మూడు రోజులకి పేడ మాయం.
దాని చోట చిల్లులు.
చిల్లుల్లోకి వాన దిగుతోంది
పొట్టి గుమ్మంలోకి చుట్టం వంగి వచ్చినట్టు.
గడ్డి, అబద్ధమెందుకు, రెండు ముక్కల్లోనే వచ్చింది.
మూడోది బాలింత మాడులా పలచన.
నాలుగోది ఇంకా మోగుతోంది.
కొత్త కార్డు రాలేదు.

మొన్న సంతకి ఒట్టి చేతుల్తో వెళ్ళాను.
పిడకలేవని టీ కొట్టు దాలినాయుడు అడిగితే
పురుగులు కొనేశాయన్నాను.
నవ్వాడు.
నేను నవ్వలేదు, ఆ డబ్బులింకా అందలేదు నాకు.
పెద్ద గేదె మాత్రం పూటకి గిద్దెడు ఎక్కువిస్తోంది.
ఆ గిద్దెడు గుంటకి పొయ్యాలో
సంతకి పొయ్యాలో
రేపు పితికాక చూస్తాను.